లక్ష్మి వేసిన అవ్వలు

పోయిన వేసవి సెలవుల్లో మా అవ్వకు కంటి ఆపరేషన్ అయింది. మదురైలో చేయించి తిరుమంగళానికి తీసుకొచ్చాక కొన్ని రోజులు టీవీ చూడకూడదు అన్నారు. అవ్వకు టీవీ లేకపోతే పొద్దు పోదు. "చూడొద్దన్నారు గానీ వినొద్దని చెప్పలేదు కదా" అంటూ గోడ వైపు తిరిగి పడుకుని వింటూ ఉండేది. అట్లా ఒక మధ్యాహ్నం మా పెదనాన్న కొడుకు 'మిథునం' సినిమా పెట్టాడు. పది నిమిషాలు కూడా కాలేదు, అవ్వ గోడ వైపు నుంచే అడిగింది: "ఈ గొంతు నాకు తెలుసు. జూలీ లక్ష్మి కదా ఇది?"

నేను తొమ్మిదో తరగతి. లక్ష్మి అంటే నాకు 'ఓ బేబీ'లో వచ్చే ముసలామె, అంతే. 'జూలీ' ఏమిటో తెలియదు. అవ్వ చెప్పింది కొంత, నేను వెతికి తెలుసుకున్నది కొంత. చూసిన సినిమాల మీద నా అభిప్రాయం మాత్రం నాదే. అవ్వ దానికి ఒప్పుకోదు.

లక్ష్మి 1952లో పుట్టింది. మా అవ్వది కూడా ఇంచుమించు అదే వయసు. ఆమె ఇంట్లో నటన వంట లాంటిది, తల్లి నుంచి కూతురికి వచ్చింది. అమ్మమ్మ నుంగంబాక్కం జానకి నటి. అమ్మ కుమారి రుక్మిణి నటి. కూతురు ఐశ్వర్య కూడా నటి, రజనీకాంత్ 'యజమాన్'లో ఉంది. నాన్న వై.వి. రావు గారిది నెల్లూరు, పూర్తి పేరు యరగుడిపాటి వరదరావు. కన్నడంలో మొదట విడుదలైన టాకీ 'సతీ సులోచన' (1934) తీసింది ఆయనే. తెలుగులో 'మళ్ళీ పెళ్ళి' (1939) తీశారు, అది విధవా వివాహం గురించిన సినిమా. మనకు దగ్గర సంగతి ఒకటుంది. త్యాగరాజ భాగవతార్ నటించిన తమిళ 'చింతామణి' (1937) కూడా ఆయన తీసినదే, అది మదురై వాళ్ళ రాయల్ టాకీ కంపెనీ సినిమా. దాని మీద వచ్చిన లాభంతోనే మదురైలో చింతామణి టాకీస్ కట్టారు. మా తాత సైకిల్ మీద పోయి సినిమాలు చూసిన టాకీస్ అదేనంట. ఒక నెల్లూరాయన తీసిన తమిళ సినిమా లాభంతో లేచిన టాకీసులో తెలుగు మాట్లాడే తాత తమిళ సినిమాలు చూశాడన్న మాట. ఈ ఊళ్ళో మన బతుకు కూడా అట్లాంటిదే కదా.

రుక్మిణి గారి గురించి చదివినప్పుడు ఒక విషయం నన్ను ఆపేసింది. 1945లో ఏవీఎం మెయ్యప్పన్ గారి 'శ్రీవల్లి'లో ఆమె నాయిక. ఆమె పాడిన పాటలు ఆయనకు నచ్చలేదు. పి.ఎ. పెరియనాయకి చేత పాడించి ఆ గొంతును రుక్మిణి పెదవులకు కలిపారు. సినిమా బాగా ఆడింది. తెర మీద అమ్మ ముఖం, వినపడేది వేరొకరి గొంతు. ఆ అమ్మ కూతురిని మా అవ్వ కళ్ళు మూసుకుని గొంతుతోనే గుర్తు పట్టింది.

లక్ష్మి 1968లో తమిళంలో 'జీవనాంశం'తో వచ్చింది. అదే ఏడు తెలుగులో ఎస్.వి. రంగారావు గారు డైరెక్ట్ చేసిన 'బాంధవ్యాలు'లో నటించింది. 1974లో మలయాళం 'చట్టక్కారి', మరుసటి ఏడు అదే కథ హిందీలో 'జూలీ'. అవ్వ నోట ఆ పేరు అందుకే. తరువాత జయకాంతన్ నవలను భీంసింగ్ గారు సినిమాగా తీసిన 'సిల నేరంగళిల్ సిల మణిదర్గళ్'లో గంగ వేషానికి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. వాన కురుస్తున్న రోజు తెలియని మనిషి కారెక్కిన ఒక కాలేజీ అమ్మాయి, ఆ తరువాత ఆమె మీద ఊరు వేసిన ముద్ర, అదీ కథ. ఆ సినిమా నన్ను చూడనివ్వలేదు, పెద్దయ్యాక చూడు అన్నారు. కాబట్టి దాని మీద నేను మాట్లాడను. తెలుగులో 'పంతులమ్మ' (1977) ఉంది, మా టీచరమ్మకు చాలా ఇష్టం.

నాకు కోపం వచ్చిన చోటు వేరే. 1981లో 'నెట్రిక్కణ్' అని ఒక తమిళ సినిమా. రజనీకాంత్‌వి అందులో రెండు వేషాలు, తండ్రీ కొడుకూ. తండ్రి రజనీకి భార్య లక్ష్మి. 1999లో 'పడయప్పా', తెలుగులో 'నరసింహ' అని మనందరం చూసిందే. అందులో రజనీకి తల్లి ఎవరు? లక్ష్మి! రజనీకాంత్ పుట్టింది 1950లో, లక్ష్మి 1952లో. రెండేళ్ళు చిన్నదైన ఆడమనిషి ఆయనకు తల్లి అయింది, ఆయన మాత్రం ఊయల ఎక్కి పాటలు పాడుతున్నాడు. దానికి ముందు ఏడే 'జీన్స్'లో ఐశ్వర్యా రాయ్‌కి అవ్వ. అప్పటికి లక్ష్మికి నలభై అయిదు. మా అమ్మ వయసు కంటే కొంచెం ఎక్కువ. మా అమ్మను ఎవరైనా అవ్వా అని పిలిస్తే ఏమవుతుందో మా వీధిలో అందరికీ తెలుసు.

ఇది లక్ష్మికి ఒక్కదానికే జరిగింది కాదు. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసిన సురభి కమలాబాయి 'పాతాళ భైరవి' (1951) నాటికి తోటరాముడి తల్లి. ఆమె కూడా నాటకాల కుటుంబంలో పుట్టిన మనిషే. నటుల ఇంట్లో పుడితే లోపలికి పోయే తలుపు సులభంగా తెరుచుకుంటుంది, నిజమే. ఆడవాళ్ళకు వయసు మీద పడే తలుపు కూడా అంతే సులభంగా తెరుచుకుంటుంది.

'నరసింహ'లో తల్లికి చేయడానికి పెద్దగా ఏమీ లేదు. భర్త పోయాక ఏడవాలి, కొడుకు వెనక నిలబడాలి. లక్ష్మి ఆ పని సరిగ్గానే చేసింది. కానీ అది ఎవరు చేసినా అంతే ఉంటుంది, ఆ సినిమా రమ్యకృష్ణది. మా అవ్వ ఇక్కడ పోట్లాటకు వస్తుంది. "తల్లి అంటే అంతే కదమ్మా, ఇంకేమి చేస్తుంది?" అంటుంది. తల్లి అంటే అంతే కాదు అని లక్ష్మే చేసి చూపించింది, వేరే సినిమాల్లో.

'ఓ బేబీ' (2019) తీసుకుందాం. కొరియా సినిమా 'మిస్ గ్రానీ'ని నందినీరెడ్డి గారు తెలుగులో తీశారు. నోటికి అడ్డు లేని ముసలామె పడుచుపిల్లగా మారిపోతుంది. ముసలామె లక్ష్మి, పడుచుపిల్ల సమంత. అందరూ సమంతను మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ సమంత ఏం చేస్తోంది? లక్ష్మి మొదట్లో చూపించిన గదమాయింపు, మాటకు మాట అందించడం, ఎదుటివాళ్ళను చిన్నపిల్లల్లాగా చూడడం, అవన్నీ తీసుకుని చేస్తోంది. మొదట్లో ఆ ముసలామె మన మనసులో నిలబడకపోతే తరువాత సమంత చేసే ఏ పనికీ నవ్వు రాదు. ఆ సినిమాలో నాకు నచ్చనిది ఒకటే, ముసలామెను తొందరగా పంపించేశారు. ముసలామెకు పాడాలని ఆశ ఉంది. ఆ ఆశ తీరాలంటే ఆమె పడుచుదైపోవాలా? ముసలి గొంతుతో పాడితే ఎవరూ వినరా? (మా అవ్వ పొద్దున్నే పాడుతుంది. మేము వింటాము. వినకపోతే కాఫీ రాదు.)

'మిథునం' (2012) అట్లా కాదు. శ్రీరమణ గారి కథ, తనికెళ్ళ భరణి గారి సినిమా. తెర మీద ఇద్దరే మనుషులు, అప్పదాసుగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, బుచ్చిలక్ష్మిగా లక్ష్మి. పిల్లలు విదేశాల్లో, వీళ్ళు ఊళ్ళో, ఇల్లూ దొడ్డీ వంటా పోట్లాటలూ. అప్పదాసుకు తిండి మీద ప్రాణం. కథంతా ఆయన చుట్టూ తిరుగుతున్నట్టే ఉంటుంది, మాటలు కూడా ఆయనకే ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఆయన ఎంత ఆగడం చేసినా ఆమె గొంతులో ఒక కొలత ఉంది. విసుక్కుంటుంది, కానీ నిజంగా విసుగు రాలేదని మనకు తెలుస్తుంది. గెలిచిన పోట్లాటలో గొంతు తగ్గిస్తుంది, ఓడిన పోట్లాటలో పెంచుతుంది. మా ఇంట్లో కూడా అంతే జరుగుతుంది, ఈ సినిమా చూసేదాకా నేను గమనించలేదు.

భాష సంగతి చెప్పాలి. వాళ్ళ తెలుగు ఆంధ్రా బ్రాహ్మణుల తెలుగు. మాది తిరుమంగళం తెలుగు, సగం తమిళం కలిసినది. "అదేమి తెలుగమ్మా, మన మాట కాదు. అయినా అర్థమయితా ఉండాది" అంది అవ్వ. ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాల ముందు నేను తెలుగు మాట్లాడను, నవ్వుతారని. తమిళంలో మొదలుపెట్టిన లక్ష్మి, తల్లిది తమిళం, తండ్రిది నెల్లూరు, మలయాళం కన్నడం హిందీ కూడా చేసి వచ్చి, అరవై ఏళ్ళప్పుడు ఆ తెలుగును సొంత ఇంటి మాటలాగా మాట్లాడింది. సిగ్గు పడినట్టు ఎక్కడా లేదు.

ఆఖరులో అప్పదాసు ముందు పోతాడు. బుచ్చిలక్ష్మి కోరుకున్నది కూడా అదే. తాను ముందు పోతే ఈయనను ఎవరు చూస్తారని. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు సుమంగళిగా పోవాలని మొక్కుకుంటారు. మా అవ్వ కూడా మొక్కుకుందంట, తాత పోయి నాలుగేళ్ళయింది. సినిమా అయిపోయాక అవ్వ చాలాసేపు గోడ వైపే ఉంది. నిద్రపోయిందేమో అనుకుంటిని. "తాతకు కాఫీలో చక్కెర ఎంతో మీ అమ్మకు కూడా తెలియదు" అంది.

కంటికి చుక్కల మందు అయిపోయాక సినిమాను మళ్ళీ పెట్టమంది, ఈసారి చూస్తానని. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చూసింది.

"మొగం కూడా బాగుండాది. అయినా వినినప్పుడే బాగుండె" అంది. ఈ ఒక్కదానికి నేను ఎదురు చెప్పలేదు.