నీళ్లకు మూత

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల ఏ ఫ్యాన్సీ షాపులో అడిగినా ఇప్పుడు ఫేస్ సీరం దొరుకుతుంది. చిన్న గాజు సీసా, రబ్బరు బుడ్డితో డ్రాపర్, లోపల 30 మిల్లీలీటర్ల మందు. ముడతలు పడనీయదట, మొహం మీద తడి ఆరనీయదట. సీసా వెనక చీమకాళ్లంత అక్షరాలు చదివే ఓపిక ఉంటే అసలు సంగతి అక్కడే ఉంటుంది. ఎక్కువగా కలిపిన దినుసు పేరు ముందు, తక్కువది తర్వాత రాయడం రివాజు. ఆ వరుసలో దాదాపు ఎప్పుడూ మొదటి పేరు నీళ్లది. రెండోదో మూడోదో గ్లిజరిన్. పెట్టె మీద పెద్దక్షరాల్లో మెరిసే పేర్లు ఎక్కడో కింద ఉంటాయి.

నీళ్లు కొనుక్కోవడం మన నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల వాళ్లకు కొత్తేమీ కాదు గానీ, ఇంత రేటుకు ఏ ట్యాంకరు వాడూ అమ్మలేదు.

హైదరాబాద్‌లో చదువుతున్న మా మేనకోడలు సెలవులకు వచ్చి, ఇదంతా ఇంట్లోనే చేసుకుందామని పట్టుబట్టింది. కలబంద గుజ్జు, రోజ్ వాటర్, విటమిన్ ఈ గోలీ ఒకటి, నిమ్మరసం నాలుగు చుక్కలు. కలిపి సీసాలో పోసుకుంటే నెల రోజులు వాడుకోవచ్చట. “నెల రోజులా?” అన్నాను. “అవునత్తా, ఫ్రిజ్‌లో పెడితే ఏం కాదంట” అంది. నాకు పేచీ వచ్చింది ఆ నెల దగ్గరే. చట్నీ నాలుగో రోజుకు వాసనొస్తే పారబోసే ఇంట్లో, కలబంద గుజ్జును నెల రోజులు దాచి కళ్ల కింద రాసుకోవడమేమిటి? నీళ్లున్నచోట బూజూ బ్యాక్టీరియా బతుకుతాయి. కంటికి కనపడేసరికి అవి కాపురం పెట్టి చాలా రోజులై ఉంటుంది. బజారు సీసాలో వాటిని ఆపడానికి ఫినాక్సీఇథనాల్ లాంటిదేదో కలుపుతారు. ఇంట్లో చేసింది అచ్చమైనదని మురిసిపోతాం గానీ, సరిగ్గా ఆ అచ్చమైనతనమే దాన్ని తొందరగా చెడగొడుతుంది.

మరి మా నాయనమ్మ కాచిన ఆముదం ఏ మందూ కలపకుండా ఏడాదిపాటు ఎట్లా నిలిచేది?

పాలమూరు, నల్లగొండ ఎర్ర చెల్కల్లో బావి ఆదరువు లేని రైతు నమ్ముకున్న పంటల్లో ఆముదం ఒకటి. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న పాలెం పరిశోధన స్థానం నుంచి క్రాంతి, హరిత, కిరణ్ లాంటి ఆముదం రకాలు వచ్చాయి. ఇంట్లోకి కావాల్సిన గింజలు కొన్ని ఉంచుకొని మిగతావి అమ్మేవాళ్లు. ఉంచుకున్న గింజలను ఎండబెట్టి, పెంకు మీద సన్నసెగన దోరగా వేయించి, రోట్లో వేసి మెత్తటి ముద్దయ్యేదాకా దంచేవాళ్లు. పెద్ద కుండలో నీళ్లు మరుగుతుంటే ఆ ముద్దను అందులో వేసి, అడుగంటకుండా కలుపుతూ ఉడికించేవాళ్లు. చాలాసేపటికి నూనె విడిపోయి పైకి తేలుతుంది. దాన్ని గంటెతో మెల్లగా తీసి ఇంకో గిన్నెలో పోస్తారు. పని అక్కడితో అయిపోదు. తీసిన నూనెను మళ్లీ పొయ్యి మీద పెడతారు. మొదట చిటపటమంటుంది. నూనెలో దాక్కున్న నీటిచుక్కలు ఆవిరవుతున్న చప్పుడది. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా నాయనమ్మ గిన్నె దించేది కాదు. చిక్కగా, గోధుమరంగులో, కాస్త పొగవాసనతో ఉండే ఆ వంటాముదం సీసాలోకి వెళ్లేటప్పటికి అందులో చుక్క నీళ్లుండవు. నీళ్లు లేని నూనెలో క్రిములు పెరగలేవు.

చప్పుడు విని దించడం వెనక ఉన్న శాస్త్రం అదే. పుస్తకం చూసి నేర్చుకున్నది మాత్రం కాదు.

ఇది చదివి ఎవరైనా ఆముదం గింజలు తెచ్చి మిక్సీలో వేస్తారేమో, ముందే చెప్తున్నా, ఆ పని వద్దు. గింజలో రిసిన్ అనే విషం ఉంది. అది మాంసకృత్తు కాబట్టి నూనెలోకి దిగదు, పిండిలోనే మిగిలిపోతుంది. బాగా ఉడికిస్తే విరిగిపోతుంది. పాతకాలం ఆడవాళ్లు అడుగున మిగిలిన పిండిని గొడ్లకు అందనీయకుండా దూరంగా పోసేవాళ్లు. గానుగల్లో మిగిలే ఆముదం పిండి పొలానికి ఎరువుగా పోతుంది, పశువుల దాణాకు కాదు. అదంతా తెలిసిన చేతుల పని. మనం మంచి ఆముదం సీసా కొనుక్కుంటే సరిపోతుంది.

ఇంతకూ మొహానికి ఏది కావాలి, నీళ్లా నూనెనా? రెండూ కావాలి, ఒకదాని తర్వాత ఒకటి. చెల్కలో వాన పడ్డాక రైతు ఊరుకోడు. గుంటక తోలి పైమట్టిని పొడిపొడి చేస్తాడు, కింది పదును ఆవిరై పోకుండా. చర్మం సంగతీ అంతే. ముందు నీళ్లు పట్టాలి, పట్టిన నీళ్లు పోకుండా పైన ఒక పొర పరవాలి. పట్టి ఉంచే పని గ్లిజరిన్‌ది, పరిచే పని ఆముదానిది. తమాషా ఏమిటంటే గ్లిజరిన్ కూడా నూనెలోంచే పుట్టింది. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే 1779లో ఆలివ్ నూనెను సీసపు భస్మంతో మరిగించి దాన్ని విడదీశాడు. మన ఆముదంలోనూ గ్లిజరిన్ ఉంది, రిసినోలిక్ ఆమ్లంతో కట్టుబడి. ఆ ఆమ్లమే ఆముదంలో నూటికి 85 పాళ్లకు పైగా ఉండి, దానికంత జిగటనిస్తుంది.

నీళ్లు పట్టి ఉంచే ఇదే పనికి బజారులో హైలురోనిక్ యాసిడ్‌కు మంచి గిరాకీ ఉంది. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దాన్ని మొదట ఆవు కంట్లోని జిగురులోంచి తీశారు. ఇప్పుడు బ్యాక్టీరియాతో పులియబెట్టి తయారుచేస్తున్నారు. మంచిదే. కానీ మిల్లీగ్రాముల్లో తూచే త్రాసు లేని ఇంట్లో దాని జోలికి పోకపోవడం నయం. గ్లిజరిన్ చౌక, పాతది, నమ్మకమైనది.

ఇక నీళ్ల దగ్గరే నల్లగొండకు చిక్కు. ఇంటి సీరం చెప్పేవాళ్లంతా మరిగించి చల్లార్చిన నీళ్లు పోయమంటారు. మన బోరు నీళ్లను మరిగిస్తే క్రిములు చస్తాయి, వాటిలోని ఫ్లోరైడు చావదు. నీళ్లు ఆవిరై తగ్గినకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. మొహాన పూసుకున్నంత మాత్రాన ఫ్లోరైడు తెచ్చే ఫ్లోరోసిస్ జబ్బు రాదు గానీ, తాగే నీటిలోంచి ఫ్లోరైడును తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడిందంటే ఇక్కడి నీళ్ల చరిత్ర ఎట్లాంటిదో అర్థమవుతుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన పద్ధతి అది. 2015లో మిషన్ భగీరథ తాగునీటి పథకం పైలాన్ చౌటుప్పల్‌లోనే నిలబెట్టారు, ఇప్పుడు నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి. అయినా బోరు నీళ్లతో మొహం కడుక్కునే ఇళ్లకు కొదవలేదు. ఆ ఉప్పునీళ్లలో సబ్బు నురగ రాదు, తెట్టు కట్టి చర్మాన్ని పట్టుకుంటుంది. కడిగిన కాసేపటికే చెంపలు బిగుసుకుపోయేది అందుకే.

కాబట్టి మేనకోడలిని మెడికల్ షాపుకు పంపాను. ఇంజెక్షన్లలో కలిపే స్టెరైల్ వాటర్ 10 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ ఆంప్యూల్, గ్లిజరిన్ సీసా, సూది లేని సిరంజి. ఆంప్యూల్ నీళ్లన్నీ ఉడకబెట్టి ఆరబెట్టిన చిన్న సీసాలో పోసి, సిరంజితో అర మిల్లీలీటరు గ్లిజరిన్ కలిపితే నూటికి అయిదు పాళ్ల సీరం తయారు. అంతే. మూడు నాలుగు రోజులకు సరిపోతుంది, ఫ్రిజ్‌లో ఉంచాలి, ఆ తర్వాత మిగిలితే పారబోయాలి. “ఇంతేనా!” అని మొహం చిన్నబుచ్చుకుంది. రంగు లేదు, వాసన లేదు, ఫొటో తీసి చూపించుకోవడానికి ఏమీ లేదు మరి.

వాడే తీరులో మాత్రం మన ఊరి ఎండ లెక్క కలపాలి. గాలిలో తేమ ఉన్నచోట గ్లిజరిన్ గాలిలోంచీ నీళ్లు లాక్కుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు గాలిలో లాక్కోవడానికి ఏముంది? చిక్కటి గ్లిజరిన్ ఒక్కటే పూసుకుంటే అది లోపలి పొరల నీటినే పైకి లాగి గాలికి ఒప్పజెప్తుంది. అందుకే మొహం కడుక్కొని తుడవకుండా, తడి మీదనే సీరం అద్ది, వెంటనే ఒకటి రెండు చుక్కల ఆముదం అరచేతుల్లో రుద్దుకొని పైపైన ఒత్తాలి. రాత్రిపూట అయితే మేలు, జిడ్డు మొహంతో దుమ్ములో తిరగక్కర్లేదు. ఆముదం అందరికీ పడదు. ముందు మోచేతి మడతలో రెండు రోజులు రాసి చూసుకోవాలి. మొటిమలున్న వాళ్లు దాన్ని వదిలేయవచ్చు.

నిమ్మరసం మాత్రం నేను ఒప్పుకోలేదు. నకిరేకల్ వైపు నిమ్మతోటలు, నల్లగొండ అంతటా బత్తాయి. చేతికి అందుబాటులో ఉంది కదా, విటమిన్ సి అంటే ఇదే కదా అని పిండుకోవడం తేలిక. చర్మం పులుపు అయిదు పీహెచ్ దరిదాపుల్లో ఉంటే నిమ్మరసం రెండు దగ్గర ఉంటుంది. పైగా నిమ్మజాతి కాయల్లోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్లమచ్చలు పెడతాయి. విటమిన్ సి సీరం నిజంగా పనిచేసేదే, కానీ నీళ్లలో కలిపిన విటమిన్ సి గాలికీ వెలుతురుకూ చెడి పచ్చబడి గోధుమరంగుకు తిరుగుతుంది. ఫ్యాక్టరీలే దాన్ని నిలబెట్టడానికి తంటాలు పడతాయి. బత్తాయి తినడానికే బాగుంటుంది.

ఇంత చేసినా వయసు ఆగుతుందా? ఆగదు. తడి పట్టిన చర్మం కాస్త ఉబ్బి, సన్నగీతలు పూటకో రోజుకో కనపడకుండా పోతాయి. లోతు ముడతను గ్లిజరిన్ ఏమీ చేయలేదు. ఆ ముడతల్లో వయసు వాటా కొంతే, మిగతా అప్పు ఎండది. 2012లో ఒక అమెరికా వైద్య పత్రికలో 69 ఏళ్ల ట్రక్కు డ్రైవరు ఫొటో వచ్చింది. 28 ఏళ్లు బండి నడిపినవాడు. కిటికీ వైపు ఉన్న ఎడమ చెంప దున్నిన చేనులా ఉంది, కుడి చెంప దానికంటే నున్నగా ఉంది. మనిషి ఒక్కడే, వయసూ ఒక్కటే. ఆస్ట్రేలియాలోని నాంబోర్ ఊరిలో 903 మందిని నాలుగున్నరేళ్లు గమనించి 2013లో ప్రకటించిన పరీక్షలో, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ల చర్మం ఆ కాలంలో ముదిరిన జాడ కనిపించలేదు.

“అయితే సన్‌స్క్రీన్ చేసుకుందామా?” అంది మేనకోడలు. అదొక్కటి ఇంట్లో కుదరదు. జింక్ ఆక్సైడ్ పొడి తెచ్చి నూనెలో కలిపితే గడ్డలు కడుతుంది, గడ్డల మధ్య సందుల్లోంచి ఎండ దిగుతుంది. ఎంత కాపాడుతుందో కొలిచే సాధనం మన దగ్గర ఉండదు. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గనిది కొనుక్కోవాలి.

కొనలేనివాళ్లకు, రోజంతా చెమటలో నిలవదని తెలిసినవాళ్లకు, బట్టే దిక్కు. పత్తి ఏరబోయే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ చొక్కా తొడుక్కొని, తలకూ చెంపలకూ తువ్వాల చుట్టుకొని ఆటో ఎక్కుతారు. మునుగోడు దారిలోనైనా, జడ్చర్ల దారిలోనైనా కనిపించే దృశ్యమే. ఉపాధి హామీ పని 2006లో మొదలైనప్పుడు తొలివిడత జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. పనిచోట నీడ ఉండాలని ఆ చట్టంలో రాశారు. నీడ వేసిన చోట సరే, వేయని చోట ఆ చొక్కానే పందిరి. అయితే వాడి వాడి నేత పలచబడిన చొక్కా ఎండను పెద్దగా ఆపదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూసి, అవతలి మనిషి కనబడితే దాన్ని మసిగుడ్డకు వాడుకొని, కాస్త దళసరిది, ముదురు రంగుది వెతుక్కోవాలి.