తల్లి దాచిన లోయ

మార్గో లానగన్ నవల 'టెండర్ మోర్సెల్స్' ప్రస్తావన వస్తే మొదట వినిపించే ప్రశ్న ఒకటే: ఇది పిల్లలు చదవాల్సిన పుస్తకమేనా? ఈ ఆస్ట్రేలియా రచయిత్రి నవల 2008లో వచ్చింది. అమెరికాలో టీనేజ్ పాఠకుల పుస్తకంగా వెలువడింది. 2009లో ప్రింట్జ్ ఆనర్, వరల్డ్ ఫాంటసీ అవార్డు రెండూ అందుకుంది. అదే ఏడాది బ్రిటన్‌లో ప్రచురించినప్పుడు పత్రికల్లో దుమారం రేగింది. నేనూ మొదటి అధ్యాయం పూర్తిచేసి పుస్తకం మూసేశాను. మళ్లీ తెరవడానికి నెల పట్టింది.

ఇది గ్రిమ్ సోదరుల 'స్నో వైట్ అండ్ రోజ్ రెడ్' కథకి పునఃకథనం. ఏడుగురు మరుగుజ్జుల స్నో వైట్ కాదు, వేరే కథ. 1818లో కరోలిన్ స్టాల్ అనే రచయిత్రి రాసిన కృతఘ్నుడైన మరుగుజ్జు కథను విల్‌హెల్మ్ గ్రిమ్ పెంచి రాశాడు. అది 1837 నాటి సంపుటిలో చేరింది. అడవి అంచున ఒక వితంతువు, ఇద్దరు కూతుళ్లు, గుమ్మం ముందు తెల్ల గులాబీ, ఎర్ర గులాబీ. చలికాలంలో ఒక ఎలుగుబంటి వచ్చి పొయ్యి దగ్గర పడుకుంటుంది. చివరికి అది రాజకుమారుడవుతుంది, పెళ్లిళ్లు జరుగుతాయి.

అందులో ఒక చిన్న సంఘటన ఉంది. పిల్లలిద్దరూ ఒక రాత్రి అడవిలో నిద్రపోతారు. తెల్లవారి లేచేసరికి తెల్లని బట్టల్లో మెరిసిపోతున్న ఒక బిడ్డ పక్కనే కనిపించి మాయమవుతుంది. చూస్తే వాళ్లు పడుకున్నది లోయ అంచున. మంచి పిల్లల్ని కాపాడే దేవదూత వచ్చి ఉంటుందంటుంది తల్లి. చిన్నప్పుడు ఇది చదివి మురిసిపోయేవాళ్లం. ఇప్పుడు చదువుతుంటే ఆ 'మంచి' అన్న మాట దగ్గర ఆగిపోతాను. కాపాడబడని పిల్లలంతా చెడ్డవాళ్లనా?

లానగన్ ఆ లోయని పిల్లల దగ్గర్నుంచి తీసుకుని తల్లి ముందు పెట్టింది. అసలు ఈ తల్లి ఒంటరిగా అడవిలో ఎందుకుంది, పిల్లల తండ్రి ఎవరు అని గ్రిమ్ అడగని ప్రశ్నలు అడిగింది. లీగా తల్లి లేని పిల్ల. తండ్రే ఆమెను చెరుస్తాడు. నెల తప్పినప్పుడల్లా మంత్రగత్తె దగ్గర మూలికలు తెచ్చి కడుపు పోగొడతాడు. అతను చనిపోయాక ఒక బిడ్డని కంటుంది. తర్వాత ఊరి కుర్రాళ్లు ఐదుగురు ఇంట్లో జొరబడి అత్యాచారం చేస్తారు. బిడ్డతో సహా లోయలోకి దూకబోయిన లీగాని వెన్నెల బిడ్డ ఒకటి ఆపి, రెండు మణులిచ్చి పంపిస్తుంది. అక్కణ్ణుంచి ఆమె తన మనసు కోరుకున్న స్వర్గంలోకి వెళ్లిపోతుంది. అదే ఊరు, అదే ఇల్లు. హింసించే మనుషులు మాత్రం ఉండరు.

మొదటి అధ్యాయంలో మనల్ని కలవరపెట్టేది వర్ణన కాదు. అత్యాచారాన్ని రచయిత్రి ఎక్కడా కళ్లకి కట్టించదు. తన ఒంటికి ఏం జరుగుతోందో లీగాకే తెలియదు. పొయ్యిలో వేసిన మూలికల పొగకీ తన కడుపునొప్పికీ సంబంధం ఆమెకి అర్థం కాదు. ఈ అధ్యాయం గురించి చర్చిస్తున్నప్పుడు ఒక విద్యార్థిని అంది: "మేడమ్, చదివే నాకు తెలుస్తోంది, ఆమెకి తెలీడం లేదు. ఆమెకి ఎవరూ చెప్పలేదు కదా." పిల్లలకి ఈ పుస్తకం ఎందుకన్న ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు. చెప్పకపోవడం వల్ల లీగాకి హింస తప్పలేదు. దానికి పేరు మాత్రం దక్కకుండా పోయింది.

విషాదమేమిటంటే, అదే మౌనాన్ని లీగా తన కూతుళ్లకి స్వర్గంగా ఇస్తుంది. బ్రాంజా, ఉర్దా అక్కడ భయం తెలియకుండా పెరుగుతారు. కానీ ఆ లోకంలో మనుషులకి లోతు లేదు. కోపం లేదు, కోరిక లేదు, నిజమైన స్నేహమూ లేదు. చిన్నది ఉర్దా దారి వెతుక్కుని నిజమైన ఊళ్లోకి వెళ్లిపోతుంది. ఆడపిల్లకి భద్రత పేరుతో మనం కట్టే గోడల గురించి ఇంత ప్రేమగా, ఇంత నిర్దాక్షిణ్యంగా రాసిన నవల నేను మరొకటి చదవలేదు. లీగాని తప్పుపట్టలేం. ఆమె స్థానంలో మనమైనా అదే చేస్తాం. అయినా ఆ స్వర్గం తల్లి గాయానికి వేసిన కట్టు. కూతుళ్లు అందులో జీవితమంతా గడపలేరు.

గ్రిమ్ ఎలుగుబంటి కూడా ఇక్కడ మారిపోయింది. ఆ ఊళ్లో ఏటా ఎలుగుబంటి పండగ జరుగుతుంది. యువకులు ఎలుగు తోళ్లు కప్పుకుని, వీధుల్లో ఆడపిల్లల్ని తరిమి పట్టుకుని మసి పూసి ముద్దులు పెడతారు. పండగ కాబట్టి ఎవరూ ఏమీ అనకూడదు. హోలీ రోజున రంగుల మిషతో మీద పడే చేతుల్ని తప్పించుకుంటూ తిరిగిన మనకి దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆ యువకుల్లో కొందరు లీగా స్వర్గంలోకి జారి నిజం ఎలుగుబంట్లవుతారు. ఒకడు మర్యాదగా ఉంటాడు, ఇంకొకడు బ్రాంజా మీద కన్నేస్తాడు. తోలు ఒకటే అయినా లోపలి మనుషులు వేరు.

నాకు రెండు పేచీలున్నాయి. ఈ నవలలో 'నేను' అని కథ చెప్పే అవకాశం మగవాళ్లకే దక్కింది. లీగా, ఆమె కూతుళ్లు మాత్రం 'ఆమె'గానే మిగిలిపోయారు. మాట దొరకని స్త్రీ గురించిన నవలలో ఇది చిన్న విషయం కాదు. రెండోది ప్రతీకారం. తల్లి కథ విన్న ఉర్దా కోపం ఆమెకి తెలియకుండానే మంత్రమై, గుడ్డ మనుషుల రూపంలో ఆ ఐదుగురి మీద పడుతుంది. వాళ్లు లీగాకి చేసినదే వాళ్లకి జరుగుతుంది. చదువుతున్నప్పుడు నాలో ఏదో తృప్తిపడింది, ఆ తృప్తికే భయమేసింది. శిక్ష పడింది సరే, లీగాకి ఏం జరిగిందో ఊరు నిలబడి విన్నదా? ఓల్గా 'విముక్త' కథల్లో సీతకి దారి చూపించేది శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళలతో మాటలు. అలాంటి సంభాషణ కోసం లీగా పక్కన వెతుక్కున్నాను.

ముగింపులో లీగా మనసుపడిన మనిషి బ్రాంజాని పెళ్లాడతానంటాడు. లీగా ఏమీ అనదు. గ్రిమ్ కథలోనూ తల్లికి దక్కేది కూతుళ్ల ఇంట్లో ప్రశాంతమైన ముసలితనమే. ఇంత ధైర్యంగా కథని తిరగరాసిన రచయిత్రి కూడా తల్లి కోరిక దగ్గరకొచ్చేసరికి పాత దారే పట్టిందా? లేక నిజలోకంలోకి తిరిగొచ్చినంత మాత్రాన అన్నీ దక్కవన్న చేదు నిజాన్ని దాచకుండా చెప్పిందా? రెండుసార్లు చదివాక కూడా తేల్చుకోలేకపోతున్నాను. ఒకటి మాత్రం తేలింది. ఈ పుస్తకాన్ని పిల్లల చేతికి అందకుండా దాచమనేవాళ్లు అడుగుతున్నది కూడా లీగా స్వర్గాన్నే. లోయని దాచిపెడితే అది పూడిపోదు.