నడిమిట్లోన్ని బెదిరియ్యాలె

భూత్ బంగ్లాలో మూడో మలుపు తిరగ్గానే నా చెవి పక్కన ఎవరో రేకు మీద ఒక్క దెబ్బ వేశారు. అంతే. దెయ్యం లేదు, పుర్రె లేదు, ఎర్ర బల్బు కూడా వెలగలేదు. ఒట్టి రేకు చప్పుడు. యాభై దాటిన నేను పన్నెండేళ్ళ మేనల్లుడి భుజాన్ని గోళ్ళు దిగేలా పట్టుకున్నాను. బయటికొచ్చాక వాడు కాలరు పక్కకు లాగి ఆ గాట్లు చూపించి, "మామా, లోపల నన్ను పట్టుకున్న దెయ్యం నువ్వొక్కడివే" అన్నాడు.

పరువు పోయిన మాట అలా ఉంచితే, ఆ దెబ్బ నన్ను వదల్లేదు. ఒక్క రేకు ముక్కతో ఇంత పని ఎలా జరిగింది? మర్నాడు సాయంత్రం ఒక్కణ్ణే మళ్ళీ వెళ్ళాను, ఈసారి భయపడడానికి కాదు.

నాంపల్లి ఎగ్జిబిషన్ గురించి హైదరాబాదు వాళ్ళకు చెప్పేదేముంది! పాతబస్తీ వాళ్ళు నుమాయిష్ అంటారు, మనం ఎగ్జిబిషన్ అంటాం. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు పూనుకుని పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెడితే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. అప్పుడది పది రోజుల సంబరం. 1946లో ఇప్పుడున్న మైదానానికి మారింది. ఇప్పుడు మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు. కాశ్మీరు శాలువాలు, లక్నో చికన్ కుర్తాలు, ఊరగాయలు, అప్పడాలు అన్నీ దాటుకుని జెయింట్ వీల్ వైపు వెళ్తే, అక్కడుంటుంది మనవాళ్ళ భయాల బజారు: భూత్ బంగ్లా, కొలంబస్ పడవ, మౌత్ కా కువా.

అమెరికాలో ఈ భయాల బజారుకు అక్టోబరు నెల. కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్ అనే పార్కు 1973లో హాలోవీన్ రాత్రులకు పార్కును దెయ్యాల కొంపగా మార్చింది. చిన్నగా మొదలైన ఆ వ్యవహారం తర్వాత పెద్ద పార్కులన్నింటికీ పాకింది. మనవాళ్ళలో అక్కడున్న పిల్లలు ఆ ఫొటోలు పంపిస్తుంటారు. వాళ్ళ హాలోవీన్‌కు కొన్ని వారాల ముందు మనకు పెత్రామాస వస్తుంది. ఆ రోజు మనం పోయినవాళ్ళ పేరు చెప్పి బియ్యం, కూరగాయలు ఇచ్చి, వాళ్ళకిష్టమైనవి వండి పెడతామే తప్ప వాళ్ళ వేషాలు వేసుకుని తిరగం. పెద్దలకు అన్నం అప్పుడు, దెయ్యాలకు టిక్కెట్టు జనవరిలో. రెండూ కలపకపోవడమే మంచిదయింది అనుకుంటాను.

ఇక బంగ్లా. ముందు గోడ ప్లైవుడ్. దాని మీద ఒక రాక్షసి బొమ్మ, నోట్లోంచి రక్తం, జుట్టు సినిమా పోస్టరులోలా గాలికి ఎగురుతూ. ఎడమ చేతికి ఆరు వేళ్ళు. పెయింటరు పొరపాటో పథకమో తెలీదుగానీ, ఆరో వేలు లెక్కపెట్టాక ఆ బొమ్మ కొంచెం ఎక్కువ భయమనిపించింది. పైన స్పీకరులో రికార్డు చేసిన వికటాట్టహాసం. దానికి మాత్రం నేను మార్కులు వెయ్యను. అది విని చంకలోని పసిపిల్లలు కూడా నిద్ర లేవడం లేదు.

కానీ ఆ ముందు గోడ మీద కుమ్మరించినట్టు పెట్టిన తెల్లటి ఫ్లడ్ లైట్లు చూడండి. జనాన్ని పిలవడానికనుకున్నాను. లోపలి పనివాడు నవ్వి, "గా లైట్లు సూశి లోపలికొస్తే కొంచెంసేపు ఏం కనవడదు సార్" అన్నాడు. నిజమే. వెలుతురులోంచి చీకట్లోకి వచ్చిన కన్ను పూర్తిగా సర్దుకోవడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. ఈ బంగ్లాలో మనం ఉండేది మూడు నిమిషాలు. అతను మాత్రం సాయంత్రం నుంచీ ఆ చీకట్లోనే కూర్చుని ఉన్నాడు. మనకు అతను కనిపించడు, అతనికి మనం నీడల్లా కనిపిస్తూనే ఉంటాం. టిక్కెట్టు కౌంటరు దగ్గర నిలబడ్డప్పుడే మన కళ్ళు తీసేసుకున్నారన్నమాట.

ఆ పనివాడు పాలమూరు దిక్కు మనిషి. నన్ను పరదా వెనక్కి రానిచ్చి తన చోటు చూపించాడు. ఒక స్టూలు, ఒక నీళ్ళ సీసా, రేకు. రేకును పైన మాత్రమే మేకులు కొట్టి కింద వదిలేశారు. నాలుగు వైపులా బిగిస్తే చప్పుడు చచ్చిపోతుంది. కొట్టే కర్రకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. ఒట్టి కర్రతో కొడితే గలగలమంటుంది, పిల్లాడు గిన్నె పడేసినట్టు. రబ్బరు చుట్టాక చప్పుడు బరువుగా, పొట్టలో తగిలేట్టు వస్తుంది. నాకు రెండు రకాలుగానూ కొట్టి వినిపించాడు. రెండో రకానికి, కర్ర పైకి లేవడం చూస్తూ కూడా, నా రెప్పలు టక్కున పడ్డాయి.

ఆ రెప్ప వాల్చడం మన చేతుల్లో లేదు. పెద్ద చప్పుడు చెవిన పడిన తర్వాత సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోపే రెప్పలు వాలడం మొదలవుతుంది, ఆ వెంటనే మెడ, భుజాలు బిగుసుకుంటాయి. అది రేకా, పులా, పేలుడా అని మనసు తేల్చుకునేది ఆ తర్వాతే. అందుకే ధైర్యవంతుడూ పిరికివాడూ మొదటి క్షణంలో ఒకేలా ఎగిరిపడతారు. తేడా ఏదైనా ఉంటే రెండో క్షణంలో. పక్కవాడి భుజం పట్టుకునేది అప్పుడే.

ఎప్పుడు కొట్టాలో ఎలా తెలుస్తుందని అడిగాను. కింద పరిచిన పట్టా చూపించాడు. మలుపుకు రెండడుగుల ముందు దాని కింద స్పాంజి ముక్క వేశారు. కాలు దిగబడగానే మనిషి ఆగి కిందికి చూస్తాడు. అక్కడే ముఖానికి నల్ల దారాలు తగులుతాయి, సాలెగూడు తగిలినట్టు. ఆ దారాలు రెండు వరసలు: పెద్దవాళ్ళ ఎత్తుకు ఒకటి, పిల్లల ఎత్తుకు ఇంకొకటి. కాలి కింద ఒకటి, ముఖం మీద ఒకటి. మనసు ఈ రెండింటి మధ్య తిరుగుతున్నప్పుడు చెవి ఖాళీగా ఉంటుంది. దెబ్బ పడేది ఆ ఖాళీలో.

"ఎవ్వలనంటే వాళ్ళను బెదిరియ్యద్దు సార్" అన్నాడు. "ముందుగాల నడిశేటోన్ని ఇడిశిపెడత. ఆన్ని బెదిరిస్తే ఎనక్కి ఉరుకుతడు, ఎనకున్న పోరగాండ్ల మీద పడతడు. నడిమిట్లోన్ని బెదిరియ్యాలె. అప్పుడు అందరు ముంగటికే ఉరుకుతరు."

ఈ మాట విన్నాక ఆ తడికల ఇరుకు దారి నాకు వేరేగా కనిపించింది. జనం ఎటు పరుగెత్తాలో ముందే నిర్ణయించి, అటువైపు దారి ఖాళీగా పెట్టి, అప్పుడు కదా దెబ్బ వేస్తున్నాడు! 2019 జనవరి 30 రాత్రి ఈ మైదానంలోనే మంటలు లేచి స్టాళ్ళు తగలబడ్డప్పుడు జనం ఎటు పరుగెత్తారో టీవీల్లో చూసినవాళ్ళకు ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది. చంకన పిల్లలున్నవాళ్ళు వస్తే కర్ర ఎత్తడట. ముసలమ్మ ఎవరైనా కనిపిస్తే చిన్నగా దగ్గుతాడట, మనిషున్నాడని తెలియడానికి.

ఆఖరి మలుపులో కళ్ళలో ఎర్ర లైట్లు వెలిగే ప్లాస్టిక్ అస్థిపంజరం ఒకటి ఉంది. మోటారు మీద తల ఊపుతుంది. యజమానికి దాని మీద మోజు ఉన్నట్టుంది, దానికే ఎక్కువ చోటిచ్చాడు. పిల్లలు దాంతో సెల్ఫీలు దిగుతున్నారు. అది ఎప్పుడు తల ఊపుతుందో దానికే తెలీదు మరి.

బయటికి పోయే తలుపు సరిగ్గా టిక్కెట్టు వరస ఎదురుగా తెరుచుకుంటుంది. కేకలు వేస్తూ దూసుకొచ్చి, వెలుతురు చూసి, ఒకళ్ళనొకళ్ళు చరుచుకుని నవ్వేవాళ్ళను వరసలో ఉన్నవాళ్ళు చూస్తారు. స్పీకరు ఎంత అరిచినా రానివాళ్ళు అది చూసి వస్తారు.

ఈ విద్య మన దగ్గర కొత్తదేమీ కాదు. జాతరల్లో పాము ఒళ్ళూ ఆడపిల్ల తలా ఉన్న నాగకన్యను చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఏటవాలుగా నిలబెట్టిన అద్దాలు పక్క గోడల్ని చూపిస్తుంటే మనం వెనక గోడను చూస్తున్నామనుకుంటాం, ఆ పిల్ల ఒళ్ళు అద్దాల వెనక దాక్కుంటుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకాల సమాజం వాళ్ళు మంటలూ పొగలూ గాల్లో ఎగిరే మనుషులూ తాళ్ళతోనే నడిపించారు. పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో వాళ్ళ 'మాయాబజార్' చూసినప్పుడు ఘటోత్కచుడి కంటే తెర పక్కన తాడు పట్టుకున్న మనిషి మీదికే నా చూపు పోయేది. బుద్ధి మారలేదు.

మౌత్ కా కువా, అంటే చావు బావి, దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. ఇది 1910ల అమెరికా సంతల్లో పుట్టిన ఆట. అక్కడ అరుదైపోయినా మన మేళాల్లో ఇంకా బతికే ఉంది. రెండంతస్తుల ఎత్తున నిలువు చెక్కపలకల పీపా. మనం పైన గట్టు మీద నిలబడి లోపలికి వంగి చూస్తాం. సైలెన్సరు పీకేసిన పాత యమహా అడుగున రెండు చుట్లు తిరిగి, ఏటవాలు బల్ల ఎక్కి, గోడ మీదికి వెళ్ళిపోతుంది. వెనకే నంబరు ప్లేటు లేని మారుతి 800.

కాగితం మీద ఇది కష్టమైన లెక్కేం కాదు. బావి వ్యాసం పది మీటర్లనుకుందాం, టైరుకూ చెక్కకూ మధ్య రాపిడి గుణకం 0.8 అనుకుందాం. గంటకు సుమారు 28 కిలోమీటర్లు దాటితే బండి జారదు. 40తో పోతే మూడు సెకన్లలోపే ఒక చుట్టు పూర్తవుతుంది, అరవై కిలోల మనిషిని గోడ నూటయాభై కిలోల బరువుతో అదిమినట్టు ఉంటుంది. ఆ బరువు మోస్తూ అతను రెండు చేతులూ వదిలేసి, పైనుంచి మనవాళ్ళు చాపిన పది రూపాయల నోటు లాక్కుపోతాడు.

కాగితం మీద లేనిది చెక్క. బండి వచ్చినప్పుడల్లా గోడ లోపలి నుంచి బయటికి ఉబ్బి మళ్ళీ సర్దుకుంటుంది. కళ్ళు మూసుకున్నా బండి ఎక్కడుందో మన అరికాళ్ళకు తెలుస్తుంది. ఆ ఊగడం చూసి నాసిరకం కట్టుబడి అనుకుంటారు చాలామంది, నేనూ అనుకున్నాను. ఊగకుండా బిగిస్తే దెబ్బంతా మేకుల మీద, బోల్టుల మీద పడుతుంది. ఆట మొదలయ్యే ముందు ఒకతను సుత్తి పట్టుకుని బావి చుట్టూ తిరిగాడు. పలకల్ని అదిమి పట్టే చెక్క చీలల్ని ఒక్కొక్కదాన్నీ తట్టి, తల వంచి విన్నాడు. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది. వదులైనది మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన రెండింటిని మళ్ళీ దిగేశాడు. పై అంచు కింద చుట్టూ కట్టిన ఇనప తాడును చేత్తో లాగి చూశాడు. బండి అదుపు తప్పి మన మీదికి రాకుండా ఆపేది ఆ తాడొక్కటే.

ఇక్కడ నా మెచ్చుకోలు కొంచెం తడబడుతుంది. బంగ్లాలో భయం మనది, ప్రమాదం ఎవరికీ లేదు. బావిలో ప్రమాదమంతా ఆ కుర్రాడిది, తలకు హెల్మెట్ కూడా లేదు. మనం చాపే నోటు అతను పట్టు వదలడానికి ఇచ్చే కూలి. నేను చాపలేదు. పక్కనున్నాయన చాపితే మాత్రం చప్పట్లు కొట్టాను. దానికి నా దగ్గర సంజాయిషీ లేదు.

ఫిబ్రవరి మూడో వారంలో అబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారు నుంచి నడుచుకుంటూ మళ్ళీ అటు వెళ్ళాను. బావి పలకలన్నీ లారీ మీదికి ఎక్కేశాయి, ఒక్కొక్కదాని వీపున పెయింటుతో అంకె. ఆ వరస తప్పితే తర్వాతి ఊళ్ళో గోడ గుండ్రంగా నిలబడదు. బంగ్లా ముందు గోడ నేల మీద వెల్లకిలా పడి ఉంది, ఆరు వేళ్ళూ ఆకాశం వైపు. పాలమూరు మనిషి రేకులు మోస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి ఒకదాన్ని ఎండలోకి తిప్పి చూపించాడు. ఛాతీ ఎత్తులో, అరచేయి వెడల్పున, నున్నగా ఒక గుంట. చుట్టూ ఒక్క గీత కూడా లేదు. నలభై ఆరు సాయంత్రాలు, చీకట్లో, అన్ని దెబ్బలూ అక్కడే పడ్డాయి.

దాని పక్కన సుద్దముక్కతో 3 అని రాసి లారీ ఎక్కించాడు.