నీళ్లు పోయని మోటరు

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో సేద్యం చాలావరకు బోర్ల మీదే నడుస్తుంది. నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. లోతుకు పోయేకొద్దీ నీళ్లు దాని పగుళ్లలోనే దొరుకుతాయి. అందుకే సబ్‌మెర్సిబుల్ మోటరును వందల అడుగుల లోతుకు దించుతారు. అది మొరాయిస్తే పైన కనిపించేది స్టార్టరు డబ్బా, పైపు మూతి మాత్రమే. కంటికి కనబడని యంత్రం జబ్బును గట్టు మీది నుంచే పట్టడం బోరు మెకానిక్ ప్రజ్ఞ.

మంచి మెకానిక్ వచ్చీరాగానే మోటరును పైకి లాగించడు. ముందు మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో చూస్తాడు. ఒక ఫేజు పోయాక కూడా నడవనిస్తే వైండింగ్ కాలిపోతుంది. ఆ తర్వాత అమ్మీటరు. ముల్లు మామూలు కంటే బాగా కిందుంటే బోరులో నీళ్లు అడుగంటి ఉండాలి, లేదా మోటరుకూ పంపుకూ మధ్య కప్లింగ్ తెగి ఉండాలి. ముల్లు పైకెక్కితే ఇసుక పట్టి పంపు బిగిసిందనో, వోల్టేజీ పడిపోయిందనో అనుమానం. కొత్తగా వైర్లు కలిపాక ధార సన్నబడితే మోటరు ఎదురుదిశలో తిరుగుతున్నట్టే. రెండు ఫేజులు మార్చి కలిపితే సరిపోతుంది. పైపుకు చిల్లు పడితే నీళ్లు బోరులోకే తిరిగి పడుతుంటాయి. కేసింగ్ దగ్గర చెవి పెట్టి ఆ చప్పుడును గుర్తుపట్టే పనివాళ్లున్నారు. ఇది ఏ పుస్తకమూ నేర్పని విద్య.

ఈ పరీక్షల వరుస తప్పి మోటరును ఊరికే పైకి లాగిస్తే చైన్ పుల్లీ ఖర్చు, కూలీల ఖర్చు, పైరుకు తప్పిన తడి అన్నీ రైతు మీదే పడతాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అయినా మోటరు పాడైన పొలానికి ఆ కరెంటుతో పనిలేదు. మోటరు ఆగితే స్టార్టరును పదే పదే నొక్కకుండా ముందు మెకానిక్‌ను పిలవాలి.