చింతను దాచిపెట్టని ప్రార్థన

మనసు కుదురుగా లేదనీ, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదనీ ప్రార్థన కూడికలో ఎవరైనా చెప్పుకుంటే తరచుగా వినిపించే జవాబు ఒకటుంది: విశ్వాసం తగ్గింది కాబట్టే చింత వచ్చింది, ఇంకా గట్టిగా ప్రార్థించండి. చెప్పేవారి ప్రేమను శంకించనక్కర్లేదు. కానీ ఆ మాటతో విన్నవారి బరువు రెట్టింపవుతుంది. అప్పటిదాకా కూతురి పెళ్లి గురించో, చేయించుకోవలసిన ఆపరేషన్ గురించో, తీరని అప్పు గురించో ఉన్న భయానికి, దేవుడి దగ్గర కూడా తప్పిపోయానన్న భయం తోడవుతుంది. ఇక ఆ తరవాత వారు కూడికలో ఆ సంగతి ఎత్తరు. ఎవరైనా పలకరిస్తే దేవుని కృపవల్ల బాగున్నామంటారు. క్రైస్తవ ప్రార్థనకు చింతను తేలికపరిచే శక్తి నిజంగానే ఉందని నా నమ్మకం, అందుకు ఆధారాలూ ఉన్నాయి. అయితే ఆ శక్తి భయాన్ని ఉన్నదున్నట్టుగా, పేరు పెట్టి, దేవునితో చెప్పుకోవడంలో ఉంది. చింతే అవిశ్వాసమని బోధించే సంఘం తన సొంత వారసత్వాన్ని తానే కాదంటోంది.

ఆ వారసత్వానికి మూలం కీర్తనల గ్రంథం. అందులోని 150 కీర్తనల్లో దాదాపు మూడోవంతు విలాపాలే. 20వ శతాబ్దం మొదట్లో జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ కీర్తనలను వాటి తీరునుబట్టి రకాలుగా విడదీశాడు. ఆయన తరవాత క్లాస్ వెస్టర్‌మన్ ఈ విలాపాల నిర్మాణాన్ని ఇంకా స్పష్టంగా చూపించాడు. ముందు దేవుణ్ణి పిలవడం, తరవాత ఫిర్యాదు, దాని వెంట మనవి, ఆపైన నమ్మకాన్ని చెప్పుకోవడం, చివరకు స్తుతి. అన్నిటిలోనూ ఈ వరస ఒకేలా ఉండదు గానీ, ఫిర్యాదును దాటవేసి నేరుగా స్తుతికి వెళ్లే విలాపం మాత్రం కనబడదు. 13వ కీర్తన ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే ఇంకా ఎంతకాలమని నాలుగుసార్లు దేవుణ్ణి నిలదీస్తుంది. తరవాతి రెండు వచనాల్లో అడగవలసింది అడుగుతుంది. నమ్మకం మాట ఐదో వచనంలో గానీ రాదు. ఆ మలుపు ఎలా వచ్చిందన్నదానిపై పండితులు చాలా రాశారు. దేవాలయంలో యాజకుడు మధ్యలో ఏదో అభయవాక్కు పలికి ఉంటాడని కొందరి ఊహ. ఆ ఊహ నిజమైనా కాకపోయినా ప్రార్థించేవారికి పనికొచ్చే సంగతి ఒకటే. నమ్మకం ఫిర్యాదు తరవాత వస్తుంది, దాని గుండానే వస్తుంది. కీర్తన చదివేవాడు ఒక్కో మెట్టూ దిగి, మళ్లీ ఎక్కుతాడు.

పర్వతప్రసంగంలో యేసు చింతించవద్దని ఆజ్ఞాపించాడు కదా, మరి చింత పాపం కాదా అన్న అభ్యంతరం సహజమే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలోని ఆ మాటలు రేపటి తిండికీ బట్టకూ తడుముకునే జనంతో అన్నవి. ఏ రోజు కష్టం ఆ రోజుకు ఉంటుందన్న ఒప్పుకోలుతోనే ఆ భాగం ముగుస్తుంది, కష్టమే లేదనడంతో కాదు. అదే సువార్త 26వ అధ్యాయంలో గెత్సేమనే తోట ఉంది. అక్కడ యేసు కలవరపడ్డాడు, తన ప్రాణం ఎంత దుఃఖంలో ఉందో శిష్యులతో చెప్పాడు, దగ్గరుండి మెలకువగా ఉండమని వారిని అడిగాడు, తప్పించమని తండ్రిని వేడుకున్నాడు. మూడుసార్లు అదే మాటతో ప్రార్థించాడని మత్తయి రాశాడు. చింత తనంతట తానే అవిశ్వాసమైతే ఆ రాత్రి గురించి మనం చెప్పగలిగేది ఏమీ ఉండదు. పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక సంగతీ అంతే. 4వ అధ్యాయంలో చింతపడవద్దన్న మాట గోడమీది కేలండర్లలో, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకునే వాగ్దానపు కార్డుల్లో బాగా కనిపిస్తుంది. ఆ వాక్యం రెండో సగమే అసలు పద్ధతి: ప్రతి విషయంలోనూ కృతజ్ఞతతో కలిపి విన్నపాలను దేవునికి తెలియజేయడం. ఈ మాట రాసినవాడు అప్పటికి సంకెళ్లలో ఉన్నాడు. ఏ చింతా లేని మనిషి తీరిగ్గా ఇచ్చిన సలహా కాదిది.

విన్నపాలను తెలియజేయాలన్నచోట ప్రతి విషయంలోనూ అన్నది నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్ చింత అనే మానసిక ప్రక్రియను దశాబ్దాలపాటు పరిశీలించాడు. చింత ఎక్కువగా మాటల రూపంలో, అస్పష్టంగా సాగుతుందని ఆయన గమనించాడు. ఏమవుతుందో, ఎలా అవుతుందో అన్న మాటలు తిరుగుతూనే ఉంటాయి తప్ప, భయపడుతున్న సంగతి ఫలానా అని తేలదు. విన్నపానికి ఆ వెసులుబాటు లేదు. అడగాలంటే ఏం కావాలో తేల్చుకోవాలి. అంతా బాగుండాలి ప్రభువా అన్న ప్రార్థన చింతను చింతగానే ఉంచుతుంది. శుక్రవారం రావలసిన బయాప్సీ ఫలితం గురించి భయంగా ఉంది, ఆ ఫలితం ఏదైనా ఇంట్లోవాళ్లకు చెప్పే ధైర్యం ఇవ్వు అన్న ప్రార్థన దానికి ఒక హద్దు గీస్తుంది. భావాన్ని మాటలో పెడితే మెదడులో భయానికి స్పందించే అమిగ్డలా భాగం చురుకుదనం తగ్గుతుందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం చూపించిన ఫలితం కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. బోర్కోవెక్ బృందం 1983లో ఇంకో పద్ధతినీ పరీక్షించింది: చింతకు రోజూ ఒకేచోట, ఒకే వేళకు అరగంట కేటాయించి, మిగతా సమయంలో వచ్చిన చింతను ఆ వేళకు వాయిదా వేయడం. అలా చేసినవారిలో రోజువారీ చింత తగ్గింది. వేళకు ప్రార్థించే ఆచారం సన్యాసి మఠాల్లో దీనికి చాలా ముందునుంచే ఉంది. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ రాసిన నియమావళి 150 కీర్తనలనూ వారానికి ఒకసారి పూర్తిగా పాడాలని చెప్పింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ మన ఇళ్లలో జరిగే కుటుంబ ప్రార్థనకూ ఆ మేలు చేసే వీలుంది, ఇంట్లో ప్రతి ఒక్కరూ ఆ రోజు తమను భయపెట్టిన దాన్ని పైకి చెప్పగలిగితే.

చిన్న ప్రార్థనను మళ్లీ మళ్లీ పలకడం మరో పద్ధతి. ఈజిప్టు ఎడారి సన్యాసుల దగ్గర నేర్చుకున్న జాన్ కాసియన్, ఏ ఆపదలోనైనా 70వ కీర్తన మొదటి వచనాన్ని, అంటే త్వరగా వచ్చి సాయం చేయమన్న మొరను, ఆపకుండా పలుకుతూ ఉండమని 5వ శతాబ్దంలో రాశాడు. తూర్పు దేశాల ఆర్థొడాక్స్ సంఘాల్లో యేసు నామ ప్రార్థనగా స్థిరపడింది ఈ తరహా సాధనే. కతోలికుల జపమాల కూడా ఇలాంటిదే. 2001లో లూచానో బెర్నార్డి బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన పరిశోధనలో 23 మంది ఆరోగ్యవంతులు లాటిన్‌లో జపమాల చెప్పారు. వారి శ్వాస నిమిషానికి సుమారు ఆరుకు తగ్గింది, గుండె లయలో మేలైన మార్పులు కనిపించాయి. అదే పరిశోధనలో ఒక బౌద్ధ మంత్రానికీ దాదాపు ఇదే ఫలితం వచ్చింది. దీన్ని దాచవలసిన అవసరం ఏ క్రైస్తవుడికీ లేదు. శరీరాన్ని నెమ్మదింపజేసే గుణం నిదానమైన శ్వాసకు ఉంది, అది అందరిదీ. అలాగైతే ప్రార్థన అంటే శ్వాసే కదా అని అడగవచ్చు. శ్వాస శరీరాన్ని శాంతపరుస్తుంది గానీ బయాప్సీ ఫలితం గురించి ఎవరితోనూ ఏమీ చెప్పదు. కాసియన్ ఎంచుకున్న వచనం సాయం కోరే వచనం, దానికి ఎదుట వినేవాడు ఉన్నాడు. నమ్మినవారికి ఊరటంతా అక్కడే ఉంది.

వినేవాడు ఎలాంటివాడన్నదాన్ని బట్టి ప్రార్థన ఫలితం మారుతుందని సామాజిక శాస్త్రవేత్తలూ కనుగొన్నారు. క్రిస్టఫర్ ఎలిసన్, ఆయన సహచరులు అమెరికాలో 2010 నాటి ఒక జాతీయ సర్వేను విశ్లేషించి 2014లో ప్రచురించారు. దేవుడితో భద్రమైన అనుబంధం ఉన్నవారిలో ఎక్కువ ప్రార్థన తక్కువ ఆందోళనతో ముడిపడి ఉంది. దేవుడు దూరంగా ఉన్నాడని, పట్టించుకోడని అనుకునేవారిలో ఆ మేలు కనబడలేదు. పైపెచ్చు ప్రార్థన, ఆందోళన కలిసి పెరిగాయి. ఇది సర్వే మాత్రమే, ఏది కారణమో ఏది ఫలితమో అది తేల్చదు. అయినా గట్టిగా ప్రార్థించు అన్న ఒక్క సలహా ఎందుకు చాలదో దీన్ని బట్టి తెలుస్తుంది. ఇంకో పరిశోధన పేరు ఇక్కడ తప్పక వస్తుంది. హెర్బర్ట్ బెన్సన్ బృందం 2006లో ప్రచురించిన ఆ అధ్యయనంలో ఆరు ఆసుపత్రుల్లో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మంది పాల్గొన్నారు. తమకోసం అపరిచితులు ప్రార్థిస్తున్నారని కచ్చితంగా తెలిసినవారిలో 59 శాతం మందికి చిక్కులు వచ్చాయి. ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు గుంపుల్లో అది 52, 51 శాతం. ప్రార్థన పనిచేయదనడానికి దీన్ని రుజువుగా చూపుతారు. ముఖం తెలియని మనుషుల ప్రార్థన ఆపరేషన్ ఫలితాన్ని మారుస్తుందా అన్నది ఆ పరిశోధన అడిగిన ప్రశ్న. భయపడుతున్న మనిషి తన భయాన్ని తానే దేవునితో చెప్పుకుంటే ఆ మనసుకేమవుతుందన్నది వేరే ప్రశ్న, ఈ వ్యాసం దాని గురించే.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది. కెనెత్ పార్గమెంట్ బృందం 2001లో ఆసుపత్రిలో ఉన్న 596 మంది పెద్దవయసు రోగుల గురించి రాస్తూ, దేవుడు తమను విడిచాడని, శిక్షిస్తున్నాడని మథనపడినవారికి తరవాతి రెండేళ్లలో చనిపోయే ప్రమాదం ఎక్కువగా ఉందని చూపించింది. అలాగైతే దేవుణ్ణి నిలదీసే విలాపం ప్రమాదకరం కాదా? అదే బృందం 2004లో ప్రచురించిన మరో విశ్లేషణ జవాబుకు దగ్గరగా తీసుకెళ్తుంది. ఆ మథనం తాత్కాలికంగా ఉన్నవారికంటే, రెండేళ్ల తరవాత కూడా తెగకుండా ఉన్నవారి స్థితే ఎక్కువగా దిగజారింది. మథనం రావడంకంటే అందులోనే ఇరుక్కుపోవడం హాని చేస్తున్నట్టుంది. విలాప కీర్తన ఆ ఇరుక్కుపోవడానికి ఎదురుగా నిలిచే రూపమని నా అభిప్రాయం. విడిచిపెట్టావని అంటున్నప్పుడు కూడా 22వ కీర్తన నా దేవా అనే పిలుస్తుంది. దేవుడి గురించి ఇతరులతో ఫిర్యాదు చేయడం వేరు, దేవునికే ఫిర్యాదు చేయడం వేరు. రెండోదాంట్లో బంధం తెగలేదు.

అలా దేవునితోనే చెప్పుకున్నవారిలో జర్మన్ పాస్టరు దీట్రిక్ బాన్‌హాఫర్ ఒకడు. ఆయన 1940లో కీర్తనలపై ఒక చిన్న పుస్తకం రాశాడు. 1943 ఏప్రిల్‌లో నాజీలు ఆయనను అరెస్టు చేశారు. ఆ ఏడాది క్రిస్మస్‌కు బెర్లిన్‌లోని టేగెల్ జైల్లో తోటి ఖైదీల కోసం ఆయన ప్రార్థనలు రాసిపెట్టాడు. తనలో చీకటినీ ఒంటరితనాన్నీ వాటిలో దాచలేదు. కీర్తనలు నేర్పింది ఆ ధైర్యమే అని చదివినవారికి తెలుస్తుంది.

ప్రార్థన ఉంటే డాక్టరు ఎందుకన్న మాట ఈ సంప్రదాయంలోది కాదు. కతోలిక బైబిలులోని సీరా గ్రంథం 38వ అధ్యాయం, జబ్బు చేసినవాణ్ణి ప్రార్థించమని చెబుతూనే వైద్యుడికి చోటివ్వమంటుంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ మానసిక చికిత్సా విభాగాన్ని నడుపుతోంది. నెలల తరబడి నిద్ర లేకుండా, గుండె దడతో, పనికి వెళ్లలేని స్థితిలో ఉన్నవారికి మందులు, మాటలతో చేసే చికిత్స కావాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. ఉపవాస ప్రార్థనతోనే నయం కావాలని మందులు మాన్పించే బోధ ప్రాణాలమీదికి తెస్తుంది, దాన్ని సంఘంలోనే గట్టిగా కాదనాలి.

మన ఆరాధనల్లో సాక్ష్యాలకు చోటుంది. అవి దాదాపు ఎప్పుడూ తీరిపోయిన కష్టాల కథలే: జబ్బు నయమైంది, ఉద్యోగం వచ్చింది, బిడ్డ పుట్టింది. ఇంకా తీరనివారికి ఆ వేదికమీద చెప్పడానికి ఏమీ ఉండదు. పాత ఆరాధనా క్రమాలు ఈ లోటును మరో దారిలో పూడ్చాయి. ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథం కీర్తనలను 30 రోజులకు పంచి, ఏదీ వదలకుండా చదివిస్తుంది. అందువల్ల ప్రతి నెలా 17వ తేదీ ఉదయం 88వ కీర్తన వస్తుంది. ఆ కీర్తనలో మలుపు లేదు, స్తుతి లేదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఎంపిక చేసినవారెవరూ ఉండరు కాబట్టి ఎవరి విశ్వాసాన్నీ ఎవరూ శంకించే పని ఉండదు. పాస్టరుగారు నెలకొక ఆదివారం ఒక విలాప కీర్తనను సంఘమంతటితో కలిసి పైకి చదివించి, తరవాత కాసేపు నిశ్శబ్దంగా ఉండనిస్తే, బాగున్నామని చెప్పే అలవాటున్నవారు ముందుగా ఆ కీర్తన మాటల్లోనే తమ సంగతి చెప్పుకుంటారు. సొంత మాటలు ఆ తరవాత కూడికలో వస్తాయి.