అర్మేనియా మాటలోనే 'జాకో'

2024 మేలో స్వీడన్‌లోని మాల్మోలో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో అర్మేనియా తరఫున లడానివా జంట 'జాకో' పాడి, 183 పాయింట్లతో ఎనిమిదో స్థానంలో నిలిచింది. ఏ భాషలోనైనా పాడొచ్చు కాబట్టి చాలా దేశాలు ఇంగ్లీషుకే పోతాయి. గాయని జాక్లిన్ బాగ్దాసర్యాన్ మాత్రం తల్లిభాష వదల్లేదు. ఇది పాత జానపదం కాదు, ఆ నడకతో కొత్తగా కట్టిన పాట. ఆడపిల్లవి, అణిగి ఉండు అనేవాళ్లకు ఆడుతూ పాడుతూ ఎదురు చెబుతుంది.

అయితే పోటీలో పాట మూడు నిమిషాలు దాటకూడదు. జానపదం ఊపిరి తీసుకునే చోటేది? పల్లవి నిండా అర్థంలేని కూతలే. భాష రానివాళ్లు వాటినే పట్టుకుని చిందేస్తారు, ఆ పిల్ల గోడు చెవికెక్కదు. పోటీకి లాభమే, పాటకు నష్టం. బడిలో వినిపించే టీచర్లు ముందు అర్థం చెప్పి, తర్వాతే పాట పెట్టాలి.