బొమ్మ వైపు, రాత వైపు

వనపర్తిలో పుట్టి పెరిగిన మనిషి అమెరికా ఊళ్ళ బొమ్మల కార్డులు ఏరుకొచ్చి పుస్తకం వేస్తున్నాడంటే మా దిక్కున నవ్వినవాళ్ళే ఎక్కువ. "రాజావారి మహల్ ఉన్నది, గద్వాల కోట ఉన్నది, అవన్ని ఇడిసిపెట్టి ఎవరిదో ఊరు నీకెందుకు సారూ?" అని మొహం మీదే అడిగారట. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఈ పుటల్లో ఉంది గాని, ఇదీ నా జవాబని చెప్పుకోవడం గ్రంథకర్తకు మొహమాటం. వయసు మీదపడ్డ నాకా బెడద లేదు.

ముందు ఈ కార్డుల పుట్టుక. ప్రైవేటువాళ్ళు అచ్చేసిన కార్డు కూడా సర్కారు కార్డులాగే ఒక్క సెంటుకు తపాలాలో పోవచ్చునని అమెరికాలో 1898లో చట్టం వచ్చింది. చిరునామా పక్కనే నాలుగు మాటలు రాసుకోవచ్చునని 1907లో అనుమతి దొరికింది. ఇక చూడాలి సంబరం! మందుల షాపువాడు, హోటలువాడు, పెట్రోలు బంకువాడు, ఎవడికి వాడే తన దుకాణం బొమ్మ వేయించుకున్నాడు. చికాగోలో కర్ట్ టైక్ అనే ఆసామి కంపెనీ పెట్టింది కూడా ఆ 1898లోనే. 1930ల నుంచి అక్కడ అచ్చైన 'లినెన్' కార్డుల మీద వేలు పెట్టి చూస్తే నేత గుడ్డ తగిలినట్టే ఉంటుంది. గద్వాల చీరల మధ్య తిరిగే మనకు ఆ గరుకు ఇట్టే తెలుస్తుంది. కాగితం మాత్రం కాగితమే, గరుకంతా అద్దిన అచ్చు.

ఈ పుస్తకంలో నన్ను కట్టిపడేసిన అధ్యాయం పాత కార్ల మీద రాసినది. వీధి బొమ్మలో ఫలానా సంవత్సరపు ప్లిమత్ కనిపిస్తే ఆ కార్డు ఆ ఏడాదిదే అనుకుంటాం. అక్కడే మోసపోతాం. చికాగోలో కూర్చున్న చిత్రకారుడు ఆ ఊరి మొహమే చూసి ఎరగడు. అతని ముందున్నది నలుపు తెలుపు ఫొటో, ఏది ఏ రంగులో ఉండాలో రాసిన ఆర్డరు కాగితం. కరెంటు స్తంభాలు, తీగలు చెరిపేసేవాడు. ఆకాశానికి నీలం పూసి, రెండు తెల్ల మబ్బులు తగిలించేవాడు. పాత కార్డునే మళ్ళీ అచ్చు వేయాల్సి వస్తే, పాత మోడలు కారు తీసేసి కొత్తది నిలబెట్టడమూ ఉండేది. అందుకే మన గ్రంథకర్త కారును నమ్మడు. భూతద్దం పెట్టి కంపెనీ నంబరు వెతుకుతాడు. '5ఎ-హెచ్' అని ఉంటే 1935, '2బి-హెచ్' అంటే 1942. అక్షరం దశాబ్దం, అంకె సంవత్సరం. స్టాంపు అంటించే గడిలో ఒక సెంటు అని అచ్చై ఉంటే 1952కు ముందుదని ఇంకో ఆసరా. శాసనం తేదీ తేల్చేవాడికి ఉండే ఓపికే ఇది. అలంపురం శాసనాల మధ్య మసలినవాణ్ణి గనక ఈ ఓపిక విలువ నాకు తెలుసు.

ఆ ప్లిమత్‌లు మనకు అంత దూరపువీ కావు. 1940ల చివర బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ ప్లిమత్, డాడ్జ్, ఫార్గో బండ్లు బిగించి అమ్మేది. ఫార్గో లారీ అంటే మా ఈడువాళ్ళు ఇప్పటికీ తలెత్తి చూస్తారు.

చికాగో నుంచి లాస్ ఏంజెలెస్‌ దాకా పోయే రూట్ 66కు 1926లో ఆ నంబరు ఇచ్చారు, 1985లో తీసేశారు. ఆ దారి పక్క మోటెళ్ళ కార్డులకు ఈ పుస్తకంలో పెద్దపీట దక్కింది. అరిజోనాలోని హోల్‌బ్రుక్‌లో గుడారాల ఆకారంలో సిమెంటు గదులు కట్టి, ముందు కార్లు నిలిపి తీసిన బొమ్మ చూసి మా మనవరాలు పడీపడీ నవ్వింది. ఆ కార్డులు బసచేసినవాళ్ళకు ఊరికే ఇచ్చేవారు. తపాలా ఖర్చు బాటసారిది, ప్రచారం యజమానిది! తర్వాత్తర్వాత అలాంటి మోటెళ్ళు ఎన్నో గుజరాతీ పటేళ్ళ చేతికొచ్చాయన్నది వేరే కథ.

అయితే అదే దారిన 1930లలో దుమ్ము తుఫానులకు, కరువుకు తాళలేక ఓక్లహోమా రైతులు తట్టాబుట్టా పాత బండ్ల మీద వేసుకుని కాలిఫోర్నియాకు వలసపోయారు. మోటెలు కార్డు మీద వాళ్ళకు చోటేదీ? ఈ మాట రాసే దగ్గర గ్రంథకర్త పాలమూరువాడని తెలిసిపోతుంది. గుంపు మేస్త్రీ వెంట డ్యాముల పనికి, బొంబాయి పనికి పోయిన మనవాళ్ళు రాయించిన కార్డుకు బొమ్మ వైపే లేదు. చదువొచ్చినవాణ్ణి బతిమాలి రాయించుకున్న నాలుగు వరుసలు: అందరం క్షేమం, పైసలు పంపుతున్న, ఎద్దు ఎట్లున్నది, వానలు పడ్డయా. అమెరికా కార్డు తిప్పి చూసినా పెన్సిలు రాత ఇంచుమించు అదే ధోరణి. ఎండ మండిపోతోంది, టైరు పంక్చరైంది, రేపు చేరతాం. అచ్చు బొమ్మ గొప్పలు పోతుంది, రాసినవాడికి వాటితో పని లేదు. రెండు వైపులూ కలిపి చదవడం ఈ పుస్తకంలో నాకు నచ్చిన గుణం.

చార్మినారుకు కార్డులున్నాయి. గద్వాల కోటకు, కొల్లాపురం మహలుకు అచ్చైన పాత బొమ్మ కార్డు మాత్రం నా కంటపడలేదు. వనపర్తి మహల్‌లో 1959లో నెహ్రూ చేతుల మీదుగా పాలిటెక్నిక్ మొదలైంది గనక దాన్ని విద్యార్థులైనా చూస్తున్నారు. శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ళు సుమారు నూరు. సోమశిల వైపు అలాంటి ఊరి బజారు ఎట్లుండెనో చూపించమంటే ఏం చూపిస్తాం? దారిన పోయేవాడికి ఊరికే పంచిన కాగితం మీద అరిజోనా పల్లె ఒకటి భద్రంగా ఉంది. నాకు అసూయగానే ఉంది, దాచుకోను.

ఒక్క ఫిర్యాదు. బొమ్మలు నిండు పుటలో వేసి, వెనక రాతలు మాత్రం గోరంత వేశారు. మలి ముద్రణలో అవి అసలు కొలతలో రావాలి. ఇక పాఠకులకు ఒక విన్నపం: అటకమీది ట్రంకుపెట్టెలో భివండి నుంచో బొంబాయి నుంచో వచ్చిన పాత కార్డులుంటే, పాత సామాన్లవాడికి తూకానికి వేసేముందు ఒకసారి ఈ గ్రంథకర్తకు చూపించండి. బొమ్మ లేకపోయినా తీసుకుంటాడు.